శనివారం నూనె

చింతామణి ఊళ్ళో పాత బజారుకు శనివారం పొద్దున ఎనిమిదింటికి వచ్చినవాళ్ళు రెండు తలంట్లు చూసేవాళ్ళు. ఒకటి గోవిందరాజుది, రెండోది ఆయన కారు టైర్లది.

ముందు ఆయన నడినెత్తిన అరచేతినిండా నూనె పెట్టుకుని, ఒంటికి పట్టించుకుని, పంచె ఎగ్గట్టి కారు దగ్గరికి వచ్చేవాడు. టైర్లకు వేరే గిన్నె ఉండేది. ఆయనది నూనె మిల్లు. పీపాల అడుగున మిగిలే మడ్డిలో కాస్త కిరసనాయిలు కలిపి, పాత పంచె గుడ్డ ముంచి, ఒక్కొక్క టైరునూ చంటిబిడ్డ కాలు పట్టుకున్నట్టు పట్టుకుని రుద్దేవాడు. గాడుల్లో రుద్దేవాడు, పక్కల్లో రుద్దేవాడు. చివరికి డిక్కీ తెరిచి స్టెప్నీకి కూడా పట్టించేవాడు. అన్నీ అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకునేవాడు. ఆ టైర్ల నిగనిగ మా బజారులో ఏ పెళ్ళికొడుకు జుట్టుకూ లేదు.

ఆయన మిల్లుకు ఎదురుగా నాది స్టీలు పాత్రల అంగడి. పన్నెండేళ్ళు ఆ వైభోగం చూశాను. చూసి ఊరుకోలేదు, ఆయన్ని అడిగి తెచ్చుకుని నా కారు టైర్లకూ అదే మడ్డి రాశాను. అందుకే ఇది చెప్పేటప్పుడు నేను మంచివాడి వేషం వేయను. వేసినా మా బజారులో నమ్మేవాళ్ళు లేరు.

గోవిందరాజును పిసినారి అనుకుంటే పొరపాటు. కొడుకు అమర్ పెళ్ళికి బజారు మొత్తానికీ మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆయన జబ్బు వేరు. ఆయన జబ్బు పేరు జాగ్రత్త. తన చేతిలో ఒక వస్తువు అరిగిందంటే ఆయనకు తలవంపు. ఏడో తరగతిలో కొన్న జామెట్రీ పెట్టె ఇంకా ముల్లు విరగకుండా ఉంది. పెళ్ళిలో పెట్టిన గొడుగు వానలో తడిస్తే పాడవుతుందని, వాన పడితే గొడుగును చంకలో పెట్టుకుని తాను తడుస్తూ వచ్చేవాడు. ఆయన భార్య వాసవాంబ, 'నన్ను కూడా బీరువాలో పెట్టింటే నేనూ అరక్కుండా ఉందును' అనేది. ఆమె నవ్వుతూ అనేది, మేం కూడా నవ్వేవాళ్ళం.

రెండు వేల పదమూడు ఆయుధపూజకు ఆ తెల్ల కారు కొన్నాడు. మిల్లు పక్కన పడమటి ముఖంగా రేకుల షెడ్డు వేసి, పైన గుడ్డ కప్పి అందులో పెట్టాడు. పెళ్ళిళ్ళకు తీసేవాడు. ఏడాదికి ఒకసారి విదురాశ్వత్థ గుడికి తీసేవాడు. స్పీడు యాభై దాటితే పాపం. పన్నెండేళ్ళలో ఆ కారు పాతిక వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. బయలుదేరే ముందు నాలుగు టైర్లనూ పిడికిలితో కొట్టి చప్పుడు వినేవాడు. గాడిలో రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది ఎంత మునిగిందో దారిన పోయేవాళ్ళను పిలిచి చూపించేవాడు. స్టెప్నీ అయితే ఒక్కసారి కూడా నేల తాకలేదు. ఫ్యాక్టరీలో అచ్చులోంచి తీసినప్పటి సన్నటి రబ్బరు వెంట్రుకలు దానికి ఇంకా అలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చిన చుట్టాలకు కాఫీ ఇచ్చాక డిక్కీ తెరిచి ఆ వెంట్రుకలు చూపించేవాడు.

అమర్ నెమ్మదైనవాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా తండ్రి ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు. మిల్లు వాడే చూసుకునేవాడు. వాడి భార్య చైత్రది బాగేపల్లి, అక్కడ వాళ్ళ నాన్నది బట్టల కొట్టు. వాళ్ళకు ఎనిమిదేళ్ళ కూతురు రంజిత. 

ఒక రోజు గాలి కొట్టించడానికి ఆ కారును బాగేపల్లి రోడ్డులో గురప్ప టైర్ల అంగడికి తీసుకుపోయాం. పోయింది గోవిందరాజు, అమర్, నేను. గురప్ప గాలి కొడుతూ కొడుతూ ఆగి, సబ్బు నీళ్ళ గుడ్డతో ఒక టైరు పక్క నూనెంతా తుడిచాడు. తుడిచాక చూస్తే, వేసవిలో అరికాళ్ళ పగుళ్ళు ఎలా ఉంటాయో అలా ఉంది. టైరు మీద అచ్చులో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. రెండు, రెండు, ఒకటి, మూడు. పదమూడో సంవత్సరం ఇరవై రెండో వారంలో చేసిన టైరు అని దానర్థమట. టైరు తిరిగి అరగడం ఒకటి, ఊరికే ఉండి ముసలిదవడం ఇంకొకటి అన్నాడు. ఎండ, గాలి, కాలం తిరక్కపోయినా రబ్బరును తింటాయి, కిరసనాయిలు ఇంకా తొందరగా తింటుంది, గాడి ఎంత లోతున్నా పదేళ్ళు దాటిన టైరును నమ్మకూడదు అన్నాడు. అతను ఏ టైరు కొనమనీ అనలేదు. అది నాకు బాగా గుర్తుంది.

గోవిందరాజు మొహం నల్లబడింది. పన్నెండేళ్ళ జాగ్రత్తను నలుగురిలో ఒకడు తడిగుడ్డతో తుడిచేస్తే ఎవరికైనా నల్లబడుతుంది. కానీ ఆయన వ్యాపారి, మాట తడుముకోలేదు.

"నీకు వయసెంత గురప్పా? యాభై ఆరా? ముసలోడివైతివి. నిన్నూ తీసి పారేద్దామా?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. గురప్ప గుడ్డ పిండి పక్కన పెట్టి ఇంకో బండి చూసుకోవడానికి వెళ్ళాడు. అమర్ మాత్రం వంగి ఆ నాలుగు అంకెలను వేలితో తడుముతూ ఉండిపోయాడు.

ఆ తరవాత అమర్ రెండుసార్లు తండ్రిని అడిగాడు. రెండోసారి, నా సొంత డబ్బుతో నేను కొనుక్కొచ్చి వేయిస్తాను నాయనా అన్నాడు. గోవిందరాజు అరవలేదు. 'నా చేతి మీద నీకు నమ్మకం లేదు' అని రెండు రోజులు అన్నం మానేశాడు. వాసవాంబ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. మూడో రోజు అమర్ తండ్రికి ముద్ద కలిపి పెట్టి, టైర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

మే నెలలో ముందర ఎడమ టైరుకు మేకు దిగింది. మిల్లు పనివాళ్ళతో దాన్ని తీయించి, గోవిందరాజు డిక్కీలోంచి స్టెప్నీ బయటికి తెప్పించాడు. ఆ రోజు ఆయన సంబరం చూడాలి. పన్నెండేళ్ళు కాపాడిన కన్యను పెళ్ళిపీటల మీదికి తెచ్చినట్టు నిలబడ్డాడు. వెనకటి చక్రానికి వేద్దామని అమర్ అంటే ఒప్పుకోలేదు. "కొత్తది ముందర్నే ఉండల్ల" అన్నాడు. తానే కుంకుమ బొట్టు పెట్టాడు. టైరు వెంట్రుకల మధ్య ఆ కుంకుమ నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మూడో రోజు తెల్లవారుజామున బాగేపల్లిలో చైత్ర అన్న ఇంటి గృహప్రవేశం. రంజితకు జ్వరంగా ఉంటే నానమ్మ దగ్గర వదిలి భార్యాభర్తలిద్దరే ముందు రోజు బయలుదేరారు. అమర్‌కు చిక్కబళ్ళాపురం ప్రభుత్వ కచేరీలో మిల్లు లైసెన్సు పని ఉంది. అది చూసుకుని అక్కడినుంచి హైవే ఎక్కారు. మధ్యాహ్నం రెండున్నర. పేరేసంద్ర దాటాక వెనకనుంచి ఒక లారీ హారను మీద హారను కొడుతూ వచ్చింది. హైవే మీద యాభైలో పోయే కారును చూస్తే ఎవడికైనా కోపం వస్తుంది. అమర్ అరవై చేశాడు, తరవాత డెబ్బై చేశాడు. మీటరు చూసి చైత్ర వైపు తిరిగి నవ్వాడు.

"డెబ్బై అయ్యింది. నాయనకి చెప్పాకు."

ఆ మాట చివర కుంకుమ బొట్టు పెట్టిన టైరు పేలింది. కారు ఎడమకు లాగేసి మోరీ గోడను కొట్టుకుంది. అమర్ అక్కడే పోయాడు. చైత్రకు భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. 

ఆసుపత్రిలో ఆమెకు తెలివి వచ్చిన రోజు మామ పక్కన కూర్చుని, ఏం జరిగిందమ్మా అని అడిగాడు. ఆమెకు లోకం తెలియని స్థితి. భర్త చివరి మాట అది, దాన్ని ఎవరికో ఒకరికి ఇవ్వకపోతే గుండె ఆగేటట్టుంది. డెబ్బై గురించి, వాడి నవ్వు గురించి, నాయనకు చెప్పకు అన్న మాట గురించి, ఉన్నదున్నట్టు చెప్పింది.  గోవిందరాజు లేచి బయటికి వచ్చాడు. ఆయన చేతికి ఒక అంకె దొరికింది.

పదకొండో రోజు, పందిట్లో నలుగురం కూర్చున్నప్పుడు ఆ అంకెను బయట పెట్టాడు.

"నా టైర్లకేమీ లేదు. యాభై దాటాకు అని చెప్పినా. వాడు డెబ్బైలో ఊదినాడు, పోయినాడు. తన సావు తానే తెచ్చుకున్యాడు."

పదకొండు రోజుల కిందటి వరకు కన్నకొడుకు. వాడి బూడిద మీద నిలబెట్టి ఆయన తన టైర్లను కాపాడుకున్నాడు. మేమేం చేశాం? తలలు ఊపాం. కొడుకు పోయినవాణ్ణి ఎవరు కాదంటారు? నేనైతే ఊపి ఊరుకోలేదు. డెబ్బై అంటే వినేవాళ్ళకు ఆనడం లేదని అంగడికి వచ్చినవాళ్ళకు నూరు అని చెప్పాను. బజారు ఆ చివరకు పోయేసరికి అది నూట ఇరవై అయింది. బడి తెరిచేసరికి, ఆ రోజు అమర్ తాగి ఉన్నాడని కూడా చేర్చారు.

రంజితకు ఇవన్నీ తలా ఇంత అందాయి. సైకిలు తీస్తే చాలు నానమ్మ, "మీ నాయన మాదిరి ఊదాకు" అనేది. బడిలో పక్క బెంచీ పిల్ల తాగుడు మాట చెప్పింది. ఒక సాయంత్రం చైత్ర నొప్పి భుజంతోనే దాని జడ వేస్తుంటే పిల్ల అడిగింది.

"అమ్మా, నాయనకి మనమంటే ఇష్టం లేకనే అంత స్పీడు పోయినాడా?"

ఇది చైత్ర నాకు తరవాత చెప్పింది. ఆ జడ సగంలో వదిలేసి ఆమె మామ దగ్గరికి పోయింది. ఆస్తి అడగలేదు, ఇంకేమీ అడగలేదు. టైరుది తప్పని, నాయనది తప్పు లేదని రంజితకు ఒక్క మాట చెప్పండి మామా అని అడిగింది. ఆయన పంచాంగం తిరగేస్తూనే జవాబిచ్చాడు.

"డెబ్బై అని నువ్వే చెప్తివి కదమ్మా."

 చైత్ర మరుసటి వారం గురప్ప అంగడికి పోయి, టైరు వయసు ఎలా చదవాలో నేర్చుకుని వచ్చింది. కొత్త టైరు డెబ్బైకి కాదు, అంతకు రెండింతలకు కూడా పేలదని అతను చెప్పాడట. ఆమె అక్కడ ఏడవలేదని, నోటు పుస్తకంలో రాసుకుందని గురప్ప నాతో అన్నాడు.

గోవిందరాజు కారును తుక్కుకు ఇచ్చేశాడు. ఇచ్చే ముందు బాగున్న మూడు టైర్లు విప్పించి మిల్లు గోడకు తగిలించాడు. గాడులు అలాగే ఉన్నాయి కదా, పారేయడానికి చేతులు రాలేదు. కొడుకు పోయాక తన తలకు నూనె మానేశాడు. టైర్ల వైపు కూడా చూసేవాడు కాదు. శనివారం బజారు బోసిగా ఉండేది.

అలా ఎన్ని వారాలు గడిచాయో, ఒక శనివారం ఎనిమిదింటికి చైత్ర మిల్లులోంచి బయటికి వచ్చింది. కుడి భుజం ఇంకా సరిగ్గా లేవడం లేదు. ఎడమ చేతిలో మడ్డి గిన్నె, భుజం మీద గుడ్డ. పనివాళ్ళతో ఆ మూడు టైర్లనూ అరుగు మీదికి దింపించింది. గిన్నెను మామ ముందు పెట్టి, బజారంతా వినేటట్టు మామూలు గొంతుతో అంది.

"శనివారం మామా. టైర్లకేమీ లేదంటిరి కదా. నూనె పెట్టండి."

ఆయన గిన్నె వైపు చూశాడు. మా అందరి వైపు చూశాడు. పెట్టనంటే ఎందుకు పెట్టవని అడుగుతారు. టైర్లు మంచివని పందిట్లో చెప్పిన నోరు ఆయనదే. వంగి గుడ్డ ముంచాడు. మొదటి టైరు రుద్దుతుంటే ఆయన వేలు ఒకచోట ఆగింది. పగులు తగిలి ఉంటుంది. అరుగు మెట్టు మీద చైత్ర కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, మూడో టైరు అయ్యేదాకా లేవలేదు.

అది మొదలు ప్రతి శనివారం గిన్నె వచ్చేది. వాసవాంబ మొదట్లో కోడల్ని తిట్టింది, తరవాత బతిమిలాడింది. చైత్ర అత్తతో కూడా మర్యాదగానే మాట్లాడింది. 'ఆయన చేతి మీద నమ్మకం అత్తా' అని మాత్రం అంది. రెండు నెలల్లో గోవిందరాజు పదేళ్ళు పైబడ్డవాడిలా తయారయ్యాడు.  జాలి వేసేది. కానీ ఎదురు అరుగు మీద ఆ పిల్ల కళ్ళు చూస్తే ఆ జాలిని ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

ఒక శనివారం గూళూరునుంచి మునినారాయణ అనే రైతు వచ్చాడు. అతని దగ్గర అదే రకం పాత కారు ఉంది. మూడు మంచి టైర్లు అమ్మకానికి ఉన్నాయని అతనికి కబురు పంపింది చైత్రే. అతను టైర్లను తిప్పి చూశాడు. గాడుల్లో వేలు పెట్టి సంతోషపడ్డాడు. అప్పటికి అరుగు చుట్టూ పదిమంది చేరాం.

"గట్టిగా ఉండాయా అప్పా? పిలకాయలు ముగ్గుర్నీ బాగేపల్లి ఇస్కూలుకి ఈ కార్లోనే తోలకపోతాండా."

గోవిందరాజు గుడ్డను మళ్ళీ గిన్నెలో ముంచాడు. చైత్ర మెట్టు దిగి వచ్చింది. రంజిత చెయ్యి ఆమె చేతిలో ఉంది.

"చెప్పండి మామా. గట్టివి అని మీ నోటితో చెప్పి ఇయ్యండి."

గోవిందరాజు చెయ్యి టైరు మీదే ఉంది. మణికట్టు మీదుగా నూనె కారుతోంది. ఒక్క మాట చాలు. గట్టివే అంటే, ఆయన పన్నెండేళ్ళ జాగ్రత్త నిలబడుతుంది, మునినారాయణ టైర్లు తీసుకుని పోతాడు. ఆ మాట వస్తుందనే నేను అనుకున్నాను. తప్పును కొడుకు మీదికి తోసినవాడికి గూళూరు రైతు ఒక లెక్కా? 

"వద్దు, పోప్పా," అన్నాడు.

"ఎందుకు వద్దో చెప్పండి," అంది చైత్ర.

మునినారాయణ ఇద్దరి మొహాలూ చూసి టైరు మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"ఇది సచ్చిన రబ్బరు," అన్నాడు గోవిందరాజు.  "యాభైలో పోయినా ఒకటే, డెబ్బైలో పోయినా ఒకటే. గురప్ప చెప్పినాడు. మా వాడూ చెప్పినాడు. ఆ స్టెప్నీని నేనే ముందర ఏయిస్తి. వాడి తప్పు ఏమీ లేదు."

అంటూనే కుప్పగా కూర్చున్నాడు. లోపలినుంచి వాసవాంబ ఏడుపు వినబడింది. ఆ మాట కోసమే కదా చైత్ర ఇన్ని వారాలు కాచింది, ఇప్పుడు ఆయన్ని లేపుతుంది, మంచినీళ్ళు ఇస్తుంది అనుకున్నాను. ఆమె కూతుర్ని రెండు అడుగులు ముందుకు తెచ్చి ఆయన ఎదురుగా నిలబెట్టింది.

"ఇంకోసారి చెప్పండి మామా. రంజితకి సరిగ్గా ఇనపడలేదు."

ఆయన రెండోసారి చెప్పాడు. మనవరాలి మొహంలోకి చూస్తూ, మాట మాటకూ ఆగుతూ, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఆ పిల్ల విని, తల్లి కొంగు పట్టుకుని, ఇంటికి పోదామా అంది.

ఇంతటితో తీరిందనుకున్నాం. మరుసటి శనివారం ఎనిమిదింటికి మళ్ళీ గిన్నె వచ్చింది, మూడు టైర్లూ అరుగు మీదికి దిగాయి. గోవిందరాజు తలెత్తి కోడలి వైపు చూశాడు, గుడ్డ ముంచాడు. అప్పుడు నేను రోడ్డు దాటి వెళ్ళాను. ఇంక చాలమ్మా, పెద్దాయన ఒప్పుకున్నాడు కదా, ఇంకెందుకు ఇది అన్నాను.

చైత్ర నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

"అమర్ నూరు మీద పోయినాడని మీ అంగట్లో చెప్పింది మీరే కదన్నా. కూచోండి. మీకూ ఒక గిన్నె తెస్తా."

ఆమె లోపలికి వెళ్ళింది. నేను రోడ్డు దాటి వచ్చి, నా అంగడి తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాను.